బాహుకుడి రథం

మహాభారతంలో గొప్ప రథికులకు కొదవ లేదు. అయినా కారు పందేల గురించి ఆలోచించేటప్పుడు అర్జునుడూ గుర్తుకు రాడు, కర్ణుడూ గుర్తుకు రాడు. అరణ్యపర్వంలోని బాహుకుడు గుర్తుకొస్తాడు. కర్కోటకుడనే నాగుడి కాటుకు రూపం మారిపోయిన నలుడు ఆ పేరుతో అయోధ్య రాజు ఋతుపర్ణుడి కొలువులో చేరతాడు. నలుడి భార్య దమయంతికి మళ్ళీ స్వయంవరమని కబురు వస్తుంది. ఒక్క రోజులో విదర్భ చేరాలి. పగ్గాలు బాహుకుడి చేతికొస్తాయి. రథం అతనిది కాదు, గుర్రాలు అతనివి కావు, ఆ మాటకొస్తే ఒళ్ళు కూడా అతనిది కాదు. అతను ఎంచుకున్న బక్క గుర్రాలను చూసి రాజు మొహం చిట్లిస్తాడు. తీరా రథం కదిలాక జారిపోయిన ఉత్తరీయం తెచ్చుకుందాం ఆపమని అదే రాజు అడిగితే, అది ఆమడ దూరం వెనక పడిపోయిందని సారథి చెప్పాల్సి వస్తుంది. విదర్భ రాజధాని కుండిన నగరంలో దమయంతి ఆ రథాన్ని ఇంకా చూడనైనా లేదు, చప్పుడు విని నలుడు వచ్చాడనుకుంటుంది. అక్కడ గుర్తింపు పొందింది రథమూ కాదు, రూపమూ కాదు, తోలిన తీరు.

డేవిడ్ హాబ్స్ అనే బ్రిటిష్ డ్రైవరు జీవితాన్ని మామూలు లెక్కల్లో చూస్తే ఈ పోలిక అతిగా అనిపిస్తుంది. 1939 జూన్‌లో ఇంగ్లండులోని లెమింగ్టన్ స్పాలో పుట్టాడు. ఫార్ములా వన్‌లో ఏడు రేసులు నడిపాడు, ఒక్క పాయింటూ రాలేదు. ఫ్రాన్సులోని లమాన్ 24 గంటల పందేనికి ఇరవై సార్లు వెళ్ళాడు, ఒక్కసారీ గెలవలేదు. రెండుసార్లు మూడో స్థానం వచ్చింది. ఇండియానాపోలిస్ 500లో అతని ఉత్తమ స్థానం ఐదు. అమెరికా స్టాక్ కార్ల పెద్ద పండగ డేటోనా 500లో, 1976లో, 200 ల్యాపులకు గాను రెండు ల్యాపులు అందరికంటే ముందున్నాడు. రికార్డుల పుస్తకం ఇంతవరకు చదివి మూసేస్తే, పెద్ద తలుపులన్నీ తట్టి, ఏ ఇంట్లోనూ స్థిరపడని మనిషి కథ అనిపించడం సహజం. నా వాదన వేరు. అతను ఏమేం గెలిచాడన్న దానికంటే అతన్ని ఎవరెవరు పిలిచారు, ఏ కారు ఇచ్చారు, ఎంత వ్యవధిలో ఇచ్చారు అన్నది చూడాలి. ఒకరికోసం తయారైన కారులో మరొకరు కూర్చుని దాన్ని దాని శక్తి మేరకు పరుగెత్తించడం ప్రత్యేకమైన విద్య. అది విజేతల విద్యలో తరుగు పోగా మిగిలిన ముక్క కాదు. రికార్డుల పుస్తకంలో దానికి గడి లేదు, అంతే.

అతని కథ మొదలవడమే పరాయి వస్తువుతో మొదలైంది. పరాయిదంటే నాన్నది. తండ్రి హోవర్డ్ హాబ్స్ ఆస్ట్రేలియా నుంచి ఇంగ్లండు వచ్చిన ఆవిష్కర్త. మెకామాటిక్ అనే ఆటోమేటిక్ గేర్‌బాక్సును తయారుచేశాడు. అప్పటి ఆటోమేటిక్ గేర్‌బాక్సుల్లో ఇంజను శక్తి ఒక ద్రవం గుండా చక్రాలకు చేరేది, దారిలో కొంత వృథా అయ్యేది. హోవర్డ్ ఆ ద్రవాన్ని తప్పించి, ఒరుసుకుని పట్టుకునే క్లచ్చుల మీద ఆధారపడ్డాడు. యంత్రం బాగానే ఉంది, కానీ ఆటోమేటిక్ అంటే సోమరి పెద్దమనుషుల బండి అన్న అపవాదు పోవాలి కదా. జాగ్వార్ కంపెనీలో అప్రెంటిసుగా పనిచేసిన కొడుకు దానికి దొరికాడు. తల్లి నడిపే మోరిస్ ఆక్స్‌ఫర్డ్, ఆ తర్వాత తండ్రి జాగ్వార్, ఆపైన లోటస్ ఎలీట్, ఒకదాని తర్వాత ఒకటి ఆ గేర్‌బాక్సుతో పందేలకు వెళ్ళాయి. 1961లో నూర్‌బర్గ్‌రింగ్ వెయ్యి కిలోమీటర్ల పందెంలో లోటస్ ఎలీట్ తన తరగతిలో గెలిచింది. మరుసటేడు లమాన్‌లో ఫ్రాంక్ గార్డ్‌నర్‌తో కలిసి మరో ఎలీట్‌ను మొత్తం మీద ఎనిమిదో స్థానానికి, తన తరగతిలో మొదటి స్థానానికి చేర్చాడు. ఇక్కడ నేను గమనించేది ఫలితాలను కాదు. పద్దెనిమిది, ఇరవై ఏళ్ళ వయసులో కారెక్కే కుర్రాడు సాధారణంగా నా వేగం చూడండి అంటాడు. ఈ కుర్రాడి పని, ఈ యంత్రం వేగం చూడండి అని చూపించడం. తనను తాను పక్కన పెట్టి యంత్రం ఏం చెప్తోందో వినే అలవాటు అతనికి అక్కడే అయిందనుకుంటాను. (గేర్‌బాక్సు మాత్రం వ్యాపారంగా నిలదొక్కుకోలేదు. ఇవాళ రేసు కార్లలో స్టీరింగు వెనక వేలితో మీట నొక్కి గేరు మార్చేస్తున్న వాళ్ళెవరికీ హోవర్డ్ పేరు తెలిసి ఉండదు.)

ఆ అలవాటుకు అసలైన బడి స్పోర్ట్స్ కార్ల దూరపు పందెం. క్రికెట్ బ్యాటరుకు తన బ్యాటు ఉంటుంది, సితారు విద్వాంసుడికి తన సితారు ఉంటుంది. లమాన్‌లో డ్రైవరుకు తన కారు ఉండదు. ఇద్దరికో ముగ్గురికో కలిపి ఒక కారు. సీటు ఒకరి కాళ్ళకు పొడుగు, ఇంకొకరి కాళ్ళకు పొట్టి. స్టీరింగు ఎక్కడుండాలో, బ్రేకు ముందు చక్రాల మీద ఎంత పడాలో, వెనక చక్రాల మీద ఎంత పడాలో, అన్నీ రాజీలే. ఒకడు దిగుతూనే రెండో వాడు ఎక్కాలి. ఆ కొన్ని క్షణాల్లోనే మూడో గేరు మొరాయిస్తోందనో, కుడివైపు మలుపుల్లో ముందు భాగం జారుతోందనో చెప్పాలి. తర్వాత గంటల తరబడి చీకట్లో, దాదాపు ఆరు కిలోమీటర్ల మూల్సాన్ తిన్నటి దారిలో, సహచరుడు అరగదీసిన బ్రేకులతో నడపాలి. మళ్ళీ దిగి అతనికే అప్పగించాలి. తన భాగంలో రెండు సెకన్లు సంపాదించి గేర్‌బాక్సును పాడుచేసిన డ్రైవరు వేగవంతుడు కాడు, దొంగ. తెల్లవారుజామున ఆ కారెక్కే సహచరుడి గంటలు దొంగిలించినవాడు.

1968లో మోంజా వెయ్యి కిలోమీటర్ల పందెంలో పాల్ హాకిన్స్‌తో కలిసి హాబ్స్ ఫోర్డ్ జీటీ40ని గెలిపించాడు. కారు జాన్ వయర్ జట్టుది. ఆ పెద్దాయన పద్ధతులు చాలా గట్టివి, కారును చెడగొట్టేవాళ్ళకు అక్కడ చోటుండేది కాదు. మరుసటేడు లమాన్‌లో అదే జట్టు పంపిన రెండు జీటీ40లలో ఒకటి గెలిచింది. జాకీ ఇక్స్ 24 గంటల తర్వాత వంద మీటర్ల చిల్లర తేడాతో పోర్షేను వెనక్కి నెట్టిన ఆ ముగింపును ఈనాటికీ చెప్పుకుంటారు. రెండో జీటీ40లో హాబ్స్, మైక్ హేల్‌వుడ్ మూడో స్థానంలో వచ్చారు. దాన్ని ఎవరూ చెప్పుకోరు. హేల్‌వుడ్ మోటారు సైకిళ్ళ ప్రపంచ విజేత, తొమ్మిది టైటిళ్ళ వాడు, రెండు చక్రాల నుంచి నాలుగు చక్రాల్లోకి వచ్చినవాడు. ఆ కారులో కూర్చున్న ఇద్దరూ ఒకరకంగా పరకాయ ప్రవేశం నేర్చినవాళ్ళే.

ఐదేళ్ళ తర్వాత ఈ జంట కథ వింతగా కొనసాగింది. 1974 ఆగస్టులో నూర్‌బర్గ్‌రింగ్‌లో హేల్‌వుడ్ మెక్‌లారెన్ ప్రమాదానికి గురై అతని కాలు నుజ్జయింది. వెంటనే రాబోయే ఆస్ట్రియా పందేనికి ఆ సీటులో ఎవర్ని కూర్చోబెట్టాలి? హాబ్స్‌ను పిలిచారు. అదే ఏడాది మే నెలలో ఇండియానాపోలిస్‌లో మెక్‌లారెన్ కారుతోనే ఐదో స్థానం తెచ్చినవాడు. ఆస్ట్రియాలో ఏడో స్థానం, ఇటలీలో తొమ్మిదో స్థానం వచ్చాయి. అప్పట్లో పాయింట్లు మొదటి ఆరుగురికే. ఏడో స్థానం సున్నా. మూడేళ్ళ ముందు కూడా ఇలాగే జరిగింది. 1971లో అమెరికా గ్రాండ్ ప్రి వేళకు మార్క్ డానహ్యూ నడపాల్సిన మరో పందెం వాన వల్ల ఆదివారానికి వాయిదాపడి, అతని మెక్‌లారెన్ ఖాళీ అయింది. జట్టు యజమాని రోజర్ పెన్‌స్కీ హాబ్స్‌ను కూర్చోబెట్టాడు, పదో స్థానం వచ్చింది. 1968లో మోంజాలో హోండా ఇచ్చిన కారుకు ఇంజను పోయింది. ఫార్ములా వన్‌లో అతని ఏడు రేసులూ ఇలాంటి అరువు సీట్ల మీదే సాగాయి. సొంతంగా ఒక సీజను నిండా నడిపే అవకాశం రాలేదు. అందుకే సున్నా పాయింట్లను అతని విద్యకు కొలతగా తీసుకోవడం నాకు ఒప్పుగా తోచదు. పెళ్ళికి పిలుపు లేకుండా, వంటవాడు రాలేదని అప్పటికప్పుడు పొయ్యి దగ్గరికి తీసుకొచ్చిన మనిషి వంటను వారం ముందు బజారు చేసుకున్న వంటవాడి వంటతో పోల్చి తీర్పు చెప్తామా?

దీనికి సిద్ధంగా ఒక ఆక్షేపణ ఉంది. నిజంగా అంత గొప్పవాడైతే బదులు మనిషిగా ఎందుకు మిగిలాడు? మొదటి వరస జట్లు అతన్ని ఏడాది పొడవునా ఎందుకు తీసుకోలేదు? ఇది న్యాయమైన ప్రశ్న. ప్రపంచ విజేతలైన జిమ్ క్లార్క్‌కో జాకీ స్టూవర్ట్‌కో ఉన్న ఒంటి ల్యాపు వేగం హాబ్స్‌కు ఉందని నేను అనడం లేదు. ఉంటే అతని కథ ఇంకోలా ఉండేది. కానీ బదులు మనిషిని ఎంచుకునే వేళ జట్టు యజమాని ఏం ఆలోచిస్తాడో చూడండి. సాధనకు వ్యవధి లేదు, కారు మార్చే వీలు లేదు. ఇంకొకరి ఇష్టానికి బిగించిన కారును పగలగొట్టకుండా, గౌరవంగా, వీలైనంత ముందుకు తెచ్చేవాడు కావాలి. ఆ క్షణంలో వేగంలో రెండో వాడికంటే సర్దుకోవడంలో మొదటివాడు ఎక్కువ విలువైనవాడు. 1971లో డానహ్యూతో పంచుకున్న పెన్‌స్కీ ఫెరారీ 512ఎం దానికి మంచి ఉదాహరణ. డానహ్యూ ఇంజనీరు, ఆ కారును బోల్టు బోల్టుగా తన ఆలోచనకు తగ్గట్టు మార్చుకున్నవాడు. అంత తన ముద్ర వేసుకున్న కారులో రెండో మనిషిగా ఇమడడం తేలిక కాదు. డేటోనా 24 గంటల్లో ఆ కారు అందరికంటే ముందు బయల్దేరింది. ప్రమాదంలో చిక్కుకుని దెబ్బతిన్నా మూడో స్థానంలో ముగించింది. అదే ఏడాది హాబ్స్ అమెరికా ఫార్ములా 5000 ఛాంపియన్ కూడా అయ్యాడు. ఒక సీజను పొడవునా ఒకే కారు చేతికిస్తే ఏం చేయగలడో అక్కడ తెలుస్తుంది.

ఇక స్టాక్ కార్ల సంగతి. స్టాకు అంటే దుకాణంలో ఉన్న సరుకు. షోరూములో అమ్మే కారే పందేనికి వస్తుందన్న ఆలోచనతో, 1948లో బిల్ ఫ్రాన్స్ ఫ్లోరిడాలోని డేటోనా బీచిలో నాస్కార్ సంస్థ పెట్టాడు. కాలం గడిచేకొద్దీ లోపలి ఇనుప పంజరమూ ఇంజనూ పూర్తిగా పందెం సరుకే అయ్యాయి, పైరేకు మాత్రం షోరూము వేషంలో మిగిలింది. డెబ్బైలలో ఆ కారు బరువు 1,700 కిలోల దరిదాపుల్లో ఉండేది. హాబ్స్ కుర్రతనంలో నడిపిన లోటస్ ఎలీట్లు మూడు కలిపితే ఒక స్టాక్ కారు. డేటోనా ట్రాకు చుట్టుకొలత రెండున్నర మైళ్ళు, అంటే నాలుగు కిలోమీటర్లు. మలుపులు గోడలా లేస్తాయి, 31 డిగ్రీల వాలు. నిటారుగా నిలబడి నడవబోయినవాడు జారిపోయే వాలు అది. అక్కడ కారు ఎప్పుడూ ఎడమకే తిరుగుతుంది. చూసేవాళ్ళకు, ముఖ్యంగా యూరప్‌వాళ్ళకు, ఇంతే కదా అనిపిస్తుంది. ఎడమకు తిప్పడం ఎవరికి రాదు?

రాదు. యూరప్ ట్రాకుల మీద పెరిగిన డ్రైవరు చేతులు నేర్చుకున్నదంతా ఇక్కడ అడ్డం వస్తుంది. అతనికి మలుపంటే బ్రేకు ఎక్కడ తొక్కాలి, గేరు ఎప్పుడు దించాలి అన్న లెక్క. డేటోనాలో బ్రేకు దాదాపు పిట్‌లోకి వచ్చేటప్పుడే. అతనికి ముందు కారంటే దాటాల్సిన అడ్డంకి. డేటోనాలో ముందు కారు తనను లాక్కెళ్ళే స్నేహితుడు. గంటకు మూడు వందల కిలోమీటర్ల వేగంలో గాలి గోడలా ఎదురు నిలుస్తుంది, ముందున్నవాడు దాన్ని చీలుస్తాడు, వెనకవాడు ఆ చీలికలో ఇంజనును కొంచెం సేదతీరనిచ్చి, చివర్లో పక్కకు వంగి ఉండేలు నుంచి వదిలిన రాయిలా దూసుకుపోతాడు. అందుకే ఆ రోజుల్లో ఆఖరి ల్యాపులో మొదటి స్థానంలో ఉండడం అదృష్టం కాదు, ఆపద. అద్దంలో చూడటం, పక్కవాడి ఉద్దేశం పసిగట్టడం, రెండు అడుగుల దూరంలో ఉన్న కారుతో గంటలపాటు మాటల్లేని ఒప్పందం చేసుకోవడం, ఇవీ అక్కడి విద్యలు. యంత్రంతో చేసే సంభాషణ కాస్తా మనుషులతో చేసే బేరమైపోతుంది. హాబ్స్ 1976లో ఆ ఇంటికి వెళ్ళాడు. ఆ ఏడు డేటోనా 500 ముగింపు ఆ క్రీడ ఆల్బమ్‌లో మొదటి పేజీల్లో ఉంటుంది. ఆఖరి మలుపులో నాస్కార్ దిగ్గజాలు రిచర్డ్ పెటీ, డేవిడ్ పియర్సన్ ఒకరినొకరు తగిలి గోడకు కొట్టుకున్నారు. పియర్సన్ ఇంజను ఆగిపోకుండా క్లచ్చు తొక్కిపట్టి, నుజ్జయిన కారును పాకిస్తూ గీత దాటాడు. ఆ రోజే హాబ్స్ ముందున్న రెండు ల్యాపులు.

రెండు వందల్లో రెండు, అంటే ఒక శాతం. దాన్ని ఎత్తి చూపడం అతి కాదా? దాన్ని విజయమని నేను చెప్పడం లేదు. సాక్ష్యమంటున్నాను. అదే డేటోనాలో, అదే వాలు మలుపులకు లోపలి దారిని జతచేసిన ట్రాకు మీద, అతను ఫెరారీలో 24 గంటల పందెం నడిపాడు. నేల ఒకటే, ఆట వేరు. ఒకే వేదిక మీద ఒక రాత్రి హరికథ చెప్పినవాడు మరో రాత్రి భామాకలాపానికి గజ్జె కట్టినట్టు. రెండో ఆటలో వెనక వరసలో నిలబడి లెక్క సరిపెట్టుకోవడం వేరు, పెటీలూ పియర్సన్లూ ఉన్న గుంపుకు క్షణకాలమైనా ముందుండడం వేరు.

ఇంకో ఆక్షేపణ చరిత్ర తెలిసినవాళ్ళు తెస్తారు. అప్పటి కాలమే అలాంటిది, అందరూ అన్నీ నడిపేవారు, ఇందులో హాబ్స్ ప్రత్యేకత ఏముంది? నిజమే. ఏ.జె. ఫోయిట్ 1967లో డాన్ గర్నీతో కలిసి లమాన్ గెలిచాడు, 1972లో డేటోనా 500 గెలిచాడు, ఇండియానాపోలిస్ నాలుగుసార్లు గెలిచాడు. మారియో ఆండ్రెట్టి 1967లోనే డేటోనా 500 గెలిచి, 1978లో ఫార్ములా వన్ ప్రపంచ విజేత అయ్యాడు. స్వయంగా జిమ్ క్లార్కే 1967 శరదృతువులో నార్త్ కరోలినాలోని రాకింగ్‌హామ్‌లో స్టాక్ కారు నడిపాడు. ఇంజను పోయి మధ్యలో ఆగాడు. వీళ్ళతో పోలిస్తే హాబ్స్ చిన్నవాడే. అయితే ఈ జాబితాను మరోసారి చూడండి. క్లార్క్ స్టాక్ కారు ఎక్కినప్పుడు ప్రపంచ విజేత హోదాలో అతిథిగా ఎక్కాడు. అతిథికి పీట వేస్తారు, విస్తరి వేస్తారు, ఓడినా మర్యాద తగ్గదు. ఫోయిట్, ఆండ్రెట్టి అసలు అమెరికా ఓవల్ ట్రాకుల మీద డ్రైవర్లుగా ఎదిగినవాళ్ళు. హాబ్స్ ఎక్కడికి వెళ్ళినా అతిథిగా వెళ్ళలేదు, పనివాడిగా వెళ్ళాడు. పని బాగోకపోతే వచ్చేవారం ఫోను మోగదు. అలా ఒక ఏడాది కాదు, 1962 లమాన్ నుంచి 1984 లమాన్ దాకా చూసినా ఇరవై రెండేళ్ళు. 1984లో పోర్షే 956లో మళ్ళీ మూడో స్థానం వచ్చేనాటికి అతనికి నలభై అయిదేళ్ళు. మొదటి మూడో స్థానానికీ రెండో మూడో స్థానానికీ మధ్య పదిహేనేళ్ళు గడిచాయి. ఆ మధ్యలో టైర్లు వెడల్పయ్యాయి, కారు రెక్కలు మొలిపించుకుంది, గాలిని తలక్రిందులుగా వాడుకుని నేలకు అతుక్కోవడం నేర్చుకుంది, టర్బోలు వచ్చాయి. 1977 నుంచి బీఎమ్‌డబ్ల్యూ 320ఐ టర్బోతో అమెరికాలో అతను చేసిన పని కూడా ఈ దారిలోదే. తన కాలం అలాంటిది కాబట్టి అన్నీ నడిపాడు అనేవాళ్ళకు నా జవాబు ఇదే. అతని జీవితంలో కాలం ఒకటి కాదు, మూడు నాలుగు.

రెండు పడవల మీద కాళ్ళు పెట్టినవాడు నీళ్ళలో పడతాడని మన సామెత. అందులో నిజం లేకపోలేదు. ఒకే పని ఏళ్ళ తరబడి చేసినవాడు ఆ పనిలో ముందుంటాడు, ఇవాళైతే మరీనూ. కంప్యూటరు తెర ముందు వేల ల్యాపులు సాధన చేసి వచ్చేవాళ్ళతో బయటివాడు ఎలా పోటీపడతాడు? 2025 మార్చిలో కేథరిన్ లెగ్ ఫీనిక్స్‌లో నాస్కార్ అగ్రశ్రేణి పందెం మొదటిసారి నడిపింది. ఆమెది ఇంగ్లండులోని గిల్డ్‌ఫర్డ్. ఆక్యురా ఎన్ఎస్ఎక్స్‌తో అమెరికా స్పోర్ట్స్ కార్ పందేలు గెలిచిన మనిషి, ఇండియానాపోలిస్ 500 నడిపిన మనిషి. ఫీనిక్స్‌లో రెండుసార్లు గిర్రున తిరిగిపోయింది, రెండోసారి ఇంకో కారును కూడా లాగింది. ఇదిగో, పరాయి ఇంట్లో చొరబడితే ఇంతే అన్నవాళ్ళకు బలం దొరికింది. కానీ జులై చివర ఇండియానాపోలిస్ ఓవల్ మీద ఆమె పదిహేడో స్థానంలో ముగించింది. అప్పటికి ఆమెకు నలభై అయిదేళ్ళు. నాకు ఈ రెండు తేదీల మధ్య ఉన్న నాలుగు నెలలు ముఖ్యం. ఫీనిక్స్ చెప్పింది ఈ విద్య కష్టమని. ఇండియానాపోలిస్ చెప్పింది ఈ విద్య అబ్బుతుందని. కష్టమైనదాన్ని గాలివాటమని కొట్టిపారేయడం, అబ్బినదాన్ని అదృష్టమనడం, రెండూ ఒకేసారి కుదరవు.

ఆ మాటకొస్తే కార్లు కూడా పడవలు మారాయి. హాబ్స్ డేటోనాకు వెళ్ళిన 1976లోనే, జూన్‌లో, రెండు స్టాక్ కార్లు అట్లాంటిక్ దాటి లమాన్‌కు వెళ్ళాయి. ఒకటి డాడ్జ్ చార్జర్, ఒకటి ఫోర్డ్ టొరీనో. ఫ్రెంచి జనం వాటిని రాక్షసులని ముద్దుగా పిలుచుకున్నారు. డాడ్జ్ ఇంజనుకు అక్కడి పెట్రోలు పడక రెండు ల్యాపులకే ఆగింది, ఫోర్డ్ రాత్రి దాకా పోరాడింది. నలభై ఏడేళ్ళ తర్వాత, 2023లో, మళ్ళీ ఒక స్టాక్ కారు, షెవర్లే కమారో, లమాన్‌కు వచ్చి 24 గంటలూ నడిచి ముగింపు గీత దాటింది. నడిపిన ముగ్గురిలో ఇద్దరు ఏడుసార్లు నాస్కార్ విజేత జిమ్మీ జాన్సన్, ఫార్ములా వన్ ప్రపంచ విజేత జెన్సన్ బటన్. అదే 2023 ఫిబ్రవరిలో హైదరాబాదులో హుస్సేన్ సాగర్ పక్కన ఫార్ములా ఈ పందెం జరిగితే గెలిచిన ఝాఁ ఎరిక్ వెర్న్, ఆ జూన్‌లో లమాన్‌లో పెజో స్పోర్ట్స్ కారు నడిపాడు. చప్పుడు లేని బ్యాటరీ కారుకూ, రాత్రంతా గర్జించే ఆ కారుకూ మధ్య నాలుగు నెలలే. కంప్యూటర్లు వచ్చినా ఈ వృత్తిలో ఇల్లు మారగలిగినవాడి అవసరం తీరలేదు.

డబ్బు కోసం ఎక్కడ పిలిస్తే అక్కడికి వెళ్ళాడు, దానికి ఇంత తాత్వికత ఎందుకు అనేవాళ్ళూ ఉంటారు. డబ్బు కోసమే వెళ్ళి ఉంటాడు, మంచిదే. కుమ్మరి కుండను డబ్బుకు అమ్మాడని కుండ గుండ్రంగా లేకుండా పోదు. 1983లో ట్రాన్స్‌యామ్ పోటీల్లో కమారో నడిపిన హాబ్స్‌కు సహచరుడు విల్లీ టి. రిబ్స్. దూకుడూ ప్రతిభా ఉన్న నల్లజాతి యువకుడు. ఎక్కువ రేసులు గెలిచింది రిబ్స్, ఛాంపియన్ అయింది హాబ్స్. ఇందులో రిబ్స్‌కు అన్యాయం జరిగిందనిపిస్తే నేను అడ్డుపడను, ఎవరు వేగవంతుడో నాకూ అనుమానం లేదు. కానీ గెలవని రోజుల్లో కారును ఇంటికి తేవడమనే పాత లమాన్ బుద్ధి, ఏడాది చివర కూడికలో ఎంత తూగుతుందో అక్కడ కనబడింది. ఒక్కసారి మాత్రం రికార్డుల పుస్తకం ఈ విద్యకు పొరపాటున గడి ఇచ్చింది.

ఆ విద్యే అతన్ని మైకు దగ్గరికి కూడా తీసుకెళ్ళింది. 1979 ఫిబ్రవరిలో సీబీఎస్ టీవీ డేటోనా 500ను మొదటిసారి ఆరంభం నుంచి ముగింపు దాకా ప్రత్యక్షంగా చూపించింది. ఆ రోజు అమెరికా తూర్పున మంచు తుపాను, జనం ఇళ్ళలోంచి కదల్లేని రోజు. ఆఖరి ల్యాపులో ముందున్న డానీ అల్లిసన్, కేల్ యార్బరో ఢీకొన్నారు. పెటీ గెలిచాడు. మైదానంలో అల్లిసన్ సోదరులూ యార్బరో పిడిగుద్దులకు దిగారు. స్టాక్ కార్లు దక్షిణాది రాష్ట్రాల ఆట నుంచి దేశమంతటి ఆట కావడానికి ఆ మధ్యాహ్నమే నాంది అంటారు. ఆ రోజు వ్యాఖ్యాత కెన్ స్క్వయర్ పక్కన కూర్చుని వ్యాఖ్యానం చెప్పింది ఈ ఇంగ్లిషువాడే. ఆ ఇంట్లో పుట్టినవాడికి ఆ ఇంటి సంగతి వింతగా తోచదు, బయటివాడికి లోపల ఏం జరుగుతోందో తెలియదు. మూడేళ్ళ ముందు అదే వాలు మీద స్టీరింగు పట్టుకున్న పరాయివాడికి రెండూ తెలుసు. ఆ తర్వాత దశాబ్దాల పాటు, 2017 దాకా, అమెరికన్లకు ఫార్ములా వన్‌ను కూడా అతనే వివరించాడు. వేరేవాళ్ళు నడిపే కారులో కూర్చుని, వాళ్ళ పాదం ఇప్పుడు ఎక్కడుందో, చేతులు ఏం అనుకుంటున్నాయో చెప్పడం. నడిపినప్పుడు చేసినదీ దాదాపు అదే కదా.

2011లో వచ్చిన కార్స్ 2 అనే బొమ్మల సినిమాలో మనుషులుండరు, మాట్లాడే కార్లే ఉంటాయి. అందులో డేవిడ్ హాబ్స్‌క్యాప్ అనే వ్యాఖ్యాత ఉన్నాడు. మనిషి కాదు, జాగ్వార్ కారు. హాబ్స్ కుర్రవాడిగా పని నేర్చుకున్న కంపెనీ బండే. గొంతు మాత్రం హాబ్స్‌ది. కారు బొమ్మ తెర మీదికి వచ్చి నోరు విప్పగానే, మొహం వెతకాల్సిన పని లేకుండా, చప్పుడును బట్టే అదెవరో తెలిసిపోతుంది.